నోటుబుక్కులో ఖాళీగా మిగిలిన అయిదు నెలలు

(విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో గోదావరి ప్రాంతానికి చెందిన ఒక కుటుంబ వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. ఇవాళ బీపీ గురించి, అంటే రక్తపోటు గురించి మాట్లాడతాను. దానికి ముందు ఒక చిన్న పని ఉంది. మాస్టారూ, మీరేనండీ, ముందు వరసలో తెల్లచొక్కా వేసుకున్నారు, ఒక్కసారి ఇలా వస్తారా? ఈ కుర్చీలో కూర్చోండి. మెట్లెక్కి వచ్చారు, కాస్త ఆయాసంగా ఉంది, పరవాలేదు. చెయ్యి ఇలా ఇవ్వండి. చొక్కా మీదే బీపీ మెషిను పట్టీ చుట్టేస్తున్నాను. వచ్చిన అంకె అందరి ముందూ చదవచ్చా? సరే. 172, కింద 98.

అయ్యో, అలా దిగులు పడకండి మాస్టారూ. ఈ అంకెని నేను నమ్మడం లేదు. ఎందుకు నమ్మనో మధ్యలో చెబుతాను. మీరు ఈ కుర్చీలోనే వెనక్కి ఆనుకుని కూర్చోండి. నా మాటలు అయ్యాక మళ్ళీ చూద్దాం.

ఇప్పుడు ఇది చూడండి. వంద పేజీల రూళ్ళ నోటుబుక్కు. మా పేషెంటు ఒకాయనది. రైసుమిల్లులో గుమస్తాగా చేసి మానుకున్నారు. ఇందులో రాసింది ఆయన కాదు, వాళ్ళావిడ. వాళ్ళని అడిగే తెచ్చాను. ప్రతి పేజీకీ స్కేలుతో గీతలు కొట్టి నాలుగు గళ్ళు చేశారావిడ. తేదీ, పైది, కిందది, బిళ్ల. బిళ్ల గడిలో రోజూ ఒక టిక్కు. ఇదిగో, ఈ పేజీ అంచున పసుపు అంటిన బొటనవేలి ముద్ర ఉంది. వంటింట్లోంచి వచ్చి రాసి మళ్ళీ వెళ్ళారన్నమాట.

మొదటి పేజీలో 178/104 ఉంది. మూడు వారాలకి 164/96. ఇంకో మందు కలిపాం, 148/90 అయింది. తర్వాత 138/84, 132/80, 130/82. ఆ వరస చదువుతుంటే నాకు ఇప్పటికీ సంతోషమేస్తుంది. ఆ తర్వాత పేజీ తిప్పితే ఏమీ లేదు. గీతలున్నాయి, గళ్ళున్నాయి, అంకెల్లేవు. అలా అయిదు నెలలు. మళ్ళీ రాత మొదలైన చోట అక్షరాలు వేరు. అవి వాళ్ళబ్బాయివి. అప్పటికే పెద్దాయనకి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. ఆవిడకి రాసే ఓపిక లేదు, రోజంతా ఆయన్ని చూసుకోవడంతోనే సరిపోతోంది.

ఆ అయిదు నెలల్లో ఏం జరిగిందని అడిగాను. ఏమీ జరగలేదు. "బీపీ నార్మల్‌కి వచ్చేసిందిగా, ఇంకా బిళ్లలెందుకు" అని ఎవరో అన్నారు, ఆయన మానేశారు. బాగానే ఉన్నారు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగలేదు, పొలం దాకా నడిచి వెళ్ళొచ్చేవారు. బిళ్లలు మానేశాక ఇంకా తేలిగ్గా ఉందని కూడా అన్నారట. ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే చేతిలోంచి బ్రష్షు జారిపోయింది. అంతే.

ఇందులో నా తప్పూ ఉంది. అది చెప్పాలనే ఈ పుస్తకం తెచ్చాను. నెలనెలా వచ్చే మనిషి అయిదు నెలలు రాకపోతే నేను గమనించలేదు. వచ్చినవాళ్ళని శ్రద్ధగానే చూశాను. రానివాళ్ళు ఎందుకు రాలేదో ఆలోచించలేదు. బీపీకి వైద్యం చేసేవాడు రానివాళ్ళ గురించే ఎక్కువ దిగులు పడాలని ఆరోజు అర్థమైంది. అప్పట్నుంచి మా క్లినిక్‌లో ఒక రిజిస్టరు ఉంది. ప్రతి శనివారం మధ్యాహ్నం మా సిస్టరమ్మ దాన్ని ముందేసుకుని, రావలసిన రోజుకి రానివాళ్ళకి ఫోన్లు చేస్తుంది. "బాబాయ్ గారూ, బిళ్లలు అయిపోయుంటాయి కదా" అంటుంది. చాలామంది "రేపొస్తానమ్మా" అంటారు, వస్తారు కూడా.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. 2017లో దేశంలో బీపీ అదుపు కోసం ఒక పెద్ద కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మొదటి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అక్కడ వాళ్ళు నమ్ముకున్నవి పెద్ద యంత్రాలు కావు. మనిషికో కార్డు, నెలకి సరిపడా బిళ్లలు, ఏ మందు తర్వాత ఏ మందు ఇవ్వాలో అందరికీ ఒకే వరస, రాకపోతే కబురు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పేరుతోనే పథకం పెట్టి, పీహెచ్‌సీ డాక్టరు 104 బండిలో ఊళ్ళోకి వచ్చి చూసే ఏర్పాటు చేశారు. పథకాలకి పేర్లు మారుతుంటాయి. మీకు కావలసింది మాత్రం మిమ్మల్ని మొహం చూసి గుర్తుపట్టే ఒక డాక్టరు. అది పీహెచ్‌సీ డాక్టరైనా సరే, హైదరాబాదులో బస్తీ దవాఖానా డాక్టరైనా సరే, మీ వీధి చివర క్లినిక్‌లో ఎంబీబీఎస్ డాక్టరైనా సరే.

ఎందుకంటే బీపీ ఒక రోజు చూసి తేల్చే జబ్బు కాదు. మీరు ఒక నెల ఒక ఊళ్ళో స్పెషలిస్టుకి, ఇంకో నెల మీ అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడి పెద్దాసుపత్రిలో, మధ్యలో మందుల షాపులో చూపించుకున్నారనుకోండి. ఒక్కొక్కరికీ ఒక్కొక్క అంకె కనిపిస్తుంది. ఎవరికీ వరస కనిపించదు. ఒకరు ఒక బిళ్ల రాస్తారు, రెండోవారు అదే మందు వేరే కంపెనీ పేరుతో రాస్తారు. నా దగ్గరికి అలా వచ్చినావిడ ఒకరు, ఒకే మందుని రెండు పేర్లతో పొద్దున్నొకటి, రాత్రొకటి వేసుకుంటున్నారు. కళ్ళు తిరిగి బాత్రూంలో పడ్డారు. ఎవరి తప్పని చెప్పాలి? రాసినవాళ్ళిద్దరూ సరైన మందే రాశారు.

మన భాషలో ఒక చిక్కుంది, గమనించారా? "నాకు బీపీ తెప్పించకు" అంటాం. "ఆయనకి బీపీ ఎక్కువ, జాగ్రత్తగా మాట్లాడు" అంటాం. బీపీ అంటే కోపం అని మన నోళ్ళల్లో స్థిరపడిపోయింది. అందువల్ల నెమ్మదస్తులు, ఎవరినీ పల్లెత్తు మాట అననివాళ్ళు "నాకెందుకుంటుందండీ" అంటారు. నేను చూసిన అతి పెద్ద అంకెల్లో ఒకటి గుళ్ళో పూజ చేసుకునే ఒక శాంతమూర్తిది. 220/120. తలనొప్పి కూడా లేదు. కంటి అద్దాలు మార్పించుకుందామని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ డాక్టరమ్మే కంటి లోపలి రక్తనాళాలు చూసి, ముందు బీపీ చూపించుకోండని పంపారు.

"నాకు బీపీ పెరిగితే తెలిసిపోతుందండీ, మెడ నరాలు లాగేస్తాయి" అనేవాళ్ళు కూడా ఉంటారు. మెడ నొప్పికి వేరే కారణాలు సవాలక్ష. మెడ లాగిన రోజే బిళ్ల వేసుకోవడం, లాగనినాడు మానేయడం, ఈ అలవాటు ఉన్నవాళ్ళు ఈ హాల్లోనే ఉండవచ్చు. దయచేసి మానుకోండి. రక్తనాళం గోడ మీద ఒత్తిడి పడుతుంటే మనకి నొప్పి తెలియదు. సంవత్సరాల తరబడి పడుతూ ఉంటే మెదడులో, గుండెలో, కిడ్నీలో, కంటి వెనకాల నాళాలు గట్టిపడి పాడైపోతాయి. మనకి తెలిసేది ఆ తర్వాత.

మెషిను సంగతికొద్దాం. మాస్టారి అంకెని ఎందుకు నమ్మలేదో ఇక్కడే చెబుతాను. ఆయన మెట్లెక్కి వచ్చారు, అప్పుడే పట్టీ కట్టేశాను. చొక్కా మీద కట్టాను. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు, నేను వారించలేదు. మధ్యలో మాట్లాడించాను. చెయ్యి గాల్లో ఉంది. మీ అందరి ముందూ కూర్చోబెట్టాను. ఇవన్నీ అంకెని పైకి లాగేవే. మన క్లినిక్‌లలో, మా క్లినిక్‌తో సహా, రద్దీలో ఇలాగే చూసేస్తుంటారు. ఆ అంకె మీద జీవితాంతం వేసుకునే మందు మొదలుపెడతారు. ఒక్కోసారి అవసరమే లేనివాళ్ళకీ మొదలవుతుంది.

సరిగ్గా చూడాలంటే ఇలా చూడాలి. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్టు, చుట్ట వద్దు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు, నిండిన మూత్రాశయం ఒక్కటే పై అంకెని పెంచేస్తుంది. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకి ఆనించి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. టీవీ కట్టేయండి, సీరియల్లో అత్తాకోడళ్ళ గొడవ వస్తుంటే అయిదు నిమిషాల విశ్రాంతి అనిపించుకోదు. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టాలి. పట్టీ చర్మం మీద కట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది, కాబట్టి మెషిను కొనేటప్పుడు మోచేతికి పైన మీ చేతి చుట్టుకొలతకి సరిపోయే పట్టీ అడగండి. మణికట్టుకి కట్టేదాని కంటే మోచేతికి పైన కట్టే మెషినే నమ్మకం. ఒకసారి చూసి, నిమిషం ఆగి మళ్ళీ చూసి, రెండూ రాయాలి.

కొత్తగా బీపీ ఉందేమోనన్న అనుమానం వచ్చినా, మందు మార్చినా, వారం రోజులు పొద్దున్న బిళ్ల వేసుకోకముందు, సాయంత్రం భోజనానికి ముందు ఇలా రాసి తెమ్మంటాను. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు చూస్తాను. క్లినిక్‌లో 140/90కి మించితే బీపీ అంటాం. ఇంట్లో చూసుకున్నదానికి ఆ గీత 135/85 దగ్గరే ఉంటుంది. తెల్లకోటు చూడగానే పెరిగే వాళ్ళుంటారు, ఇంట్లో ఎక్కువగా ఉండి డాక్టరు దగ్గరికొచ్చేసరికి తగ్గేవాళ్ళూ ఉంటారు. రెండో రకంవాళ్ళు ప్రమాదం. నోటుబుక్కు లేకపోతే వాళ్ళని నేను పట్టుకోలేను.

వైద్యం మొదలయ్యాక ఎంతకి తేవాలి? ఓర్చుకోగలిగినవాళ్ళకి 130/80 దగ్గరికి తేవడానికి చూస్తాను. ఎనభై దాటినవాళ్ళు, లేచి నిలబడగానే తూలేవాళ్ళు ఉంటే కొంచెం వదులుగా ఉంచుతాను. వాళ్ళని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూస్తాను. తుంటి ఎముక విరిగితే బీపీ తగ్గించి ఏం లాభం? ఇలాంటి కొలత ఏ పుస్తకంలోనూ మీ పేరుతో రాసి ఉండదు. మీ నడక ఎరిగిన డాక్టరే చెప్పాలి.

ఒక కథ చెబుతాను, నిజంగా జరిగింది. 1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ని ఒక గుండె డాక్టరు పరీక్షించారు. 186/108 ఉంది. అప్పటికి ఆయన రెండో ప్రపంచయుద్ధాన్ని నడిపిస్తున్న మనిషి, ప్రపంచంలో ఏ డాక్టరైనా పిలిస్తే వస్తాడు. కానీ ఇవ్వడానికి బీపీ తగ్గించే మంచి మందు లేదు. ఉప్పు తగ్గించమన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు. 1945 ఏప్రిల్ 12న తల వెనక భరించలేని నొప్పి అన్నారు. కొలిస్తే 300/190. ఆ మధ్యాహ్నమే మెదడులో రక్తం చిమ్మి పోయారు. అంత మనిషికి దొరకని మందు ఇవాళ మన పీహెచ్‌సీ కిటికీలో ఊరికే ఇస్తున్నారు. జనఔషధి షాపులో కొనుక్కున్నా పెద్ద ఖర్చు కాదు. అయినా మనం మానేస్తున్నామంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నాటు వైద్యం సంగతి అడుగుతారని తెలుసు. వేర్లని, ఆకుల్ని నేను తేలిగ్గా తీసిపారేయను. బొంబాయిలో రుస్తుం జాల్ వకీల్ అనే డాక్టరు మన సర్పగంధ వేరు బీపీని తగ్గిస్తుందని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాస్తే ప్రపంచమంతా మన వైపు చూసింది. 1952లో ఆ వేరులోంచే రిసర్పిన్ అనే మందును విడదీశారు. ఎన్నో ఏళ్ళు వాడారు. తర్వాత మనసు కుంగిపోవడం లాంటి ఇబ్బందులు బయటపడ్డాయి, దానికంటే మెరుగైన మందులు వచ్చాయి, వాడకం తగ్గింది. వేరు పనిచేస్తుంది సరే, ఎంత వేయాలి, ఎవరికి వేయకూడదు, ఇంకో మందుతో కలిస్తే ఏమవుతుంది, ఇవన్నీ తేలాకే అది మందు అవుతుంది. మీరు ఏ కషాయం తాగుతున్నా తాగుతున్నట్టు నాకు చెప్పండి. కోప్పడను. తెలియకపోతేనే ప్రమాదం.

ఇక బిళ్లల మీద ఉన్న భయాలు. "ఒకసారి మొదలెడితే జీవితాంతం వేసుకోవాలట కదండీ" అంటారు. అవును, చాలామందికి అంతే. గోదావరికి గట్టుంది కనక మన ఊళ్ళు మునగడం లేదు. నాలుగేళ్ళు వరద రాలేదు కదా అని గట్టు తవ్వి మట్టి అమ్ముకుంటామా? నోటుబుక్కులో 130 అని వచ్చిందంటే అది బిళ్ల పని చేస్తున్న సాక్ష్యం. బరువు బాగా తగ్గి, ఉప్పు తగ్గించి, తాగుడు మానినవాళ్ళకి నేనే మోతాదు తగ్గించాను, ఒకరిద్దరికి పూర్తిగా తీసేశాను కూడా. అది నేనూ మీరూ కలిసి, వారం వారం కొలుచుకుంటూ చేయాలి.

"కిడ్నీలు పాడవుతాయట" అన్నది రెండో భయం. కిడ్నీని పాడుచేసేది అదుపు లేని బీపీ. ఏడాదికోసారి క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్, షుగరు, కొలెస్ట్రాలు, ఒక ఈసీజీ తీయించమనేది అందుకే.

బిళ్లలకి ఇబ్బందులుంటాయి, కాదనను. ఆమ్లోడిపిన్ వాడితే కొందరికి చీలమండలు వాస్తాయి. సాయంత్రానికి చెప్పు బిగుసుకుపోతుంది, "కిడ్నీ పోయిందేమో" అని హడలిపోతారు. మోతాదు తగ్గించి పక్కన ఇంకో మందు కలిపితే సర్దుకుంటుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ రకం వాడితే కొందరిని పొడిదగ్గు వదలదు, మార్చి టెల్మిసార్టన్ ఇస్తే తగ్గిపోతుంది. ఒంట్లో నీరు లాగే బిళ్లతో పెద్దవాళ్ళలో సోడియం పడిపోయి అయోమయంగా మాట్లాడవచ్చు. మగవాళ్ళు కొందరు దాంపత్య సుఖం తగ్గిందని ఎవరికీ చెప్పకుండా బిళ్ల మానేస్తారు. సిగ్గు పడకండి. అది షుగరు వల్లా రావచ్చు, బీపీ వల్లా రావచ్చు, మందు వల్లే అయితే మారుస్తాను. మీరు ఒక్క మాట చెప్పాలి. ఒక మందు పడకపోతే మార్చడానికి ఇంకో మందు ఉంటుంది. మీరు చెప్పకుండా మానేస్తే నేను మార్చలేను.

ఇప్పుడు మన ప్రాంతానికి అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. కొబ్బరి పీచు కొట్టే పనికి వెళ్ళే ఒకావిడకి మూడు రకాల బిళ్లలు ఇచ్చినా 160 కంటే దిగలేదు. బిళ్లలు వేసుకోవడం లేదేమోనని అనుమానించాను. అడిగితే కన్నీళ్ళు పెట్టుకుంది. "ఒక్కపూటైనా మానలేదు బాబూ" అంది. అప్పుడు, "అమ్మా, ఇంట్లో నువ్వు నోట్లో వేసుకునేవన్నీ, చూర్ణాలు, పొడులతో సహా, ఒక సంచిలో వేసి తీసుకురా" అన్నాను. మర్నాడు బియ్యం సంచి ఒకటి తెచ్చింది. నా బల్ల మీద బోర్లించింది.

బీపీ బిళ్లల అట్టలు మూడూ సరిగ్గానే ఖాళీ అవుతున్నాయి. వాటి పక్కన మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ అట్టలు పద్నాలుగు. రోజుకి రెండు, ఏడాదిన్నరగా. గ్యాసుకి నీళ్ళలో కలిపితే బుసబుస పొంగే పొడి ప్యాకెట్లు, అందులో ఉండేది సోడానే, ఉప్పులో ఉండే సోడియమే. జలుబు బిళ్లలు, అవీ బీపీ పెంచేవే. నొప్పి బాగా ఎక్కువైనప్పుడు వేయించుకున్న సూదిమందు తాలూకు ఖాళీ సీసా ఒకటి, దాచిపెట్టింది, అది స్టెరాయిడ్. నేను ఒక చేత్తో తగ్గిస్తుంటే ఆ సంచి రెండో చేత్తో పెంచుతోంది. పైగా కిడ్నీల మీద దెబ్బ.

నొప్పుల బిళ్ల ఆపాం. పారాసిటమాల్, తొడ కండరాలకి వ్యాయామం, పనిలో కూర్చునే పీట ఎత్తు పెంచడం. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, ఓర్చుకోగలిగేలా ఉంది. రెండు నెలలకి బీపీ 138కి దిగింది, మూడు బిళ్లలు రెండయ్యాయి. ఆవిణ్ణి అనుమానించినందుకు ఆవిడతోనే తప్పయిందన్నాను. అప్పట్నుంచి ఎవరికి బీపీ దిగకపోయినా నేను చేసే మొదటి పని సంచి తెమ్మనడం. మీరూ ఇంటికెళ్ళి ఒక సంచి సర్దండి.

ఉప్పు గురించి మాట్లాడకపోతే తెలుగువాడిని కాను. రోజుకి అయిదు గ్రాములు, అంటే తలకొట్టిన ఒక టీ స్పూను, అంతకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో ఇచ్చిన సూచనల్లో అదే మాట అంది. ఇంట్లో తింటున్నది ఎంతో తెలుసుకోవడం తేలిక. ఉప్పు ప్యాకెట్టు విప్పిన తేదీ దాని మీదే రాయండి. కిలో ప్యాకెట్టు నలుగురున్న ఇంట్లో యాభై రోజులు రావాలి. చాలా ఇళ్ళలో నెలకే అయిపోతుంది. దానికి తోడు బయటినుంచి వచ్చే ఆవకాయ, అప్పడాలు, చల్లమిరపకాయలు, ఎండుచేప, కారప్పూస, బేకరీ సరుకు లెక్కలోకి రావు.

ఆవకాయ మానేయమని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు, నేనూ మానలేదు. ఆదివారం మొదటి ముద్దలో, నెయ్యి కాస్త తక్కువగా, ఆనందంగా తినండి. పెరుగన్నంలో రోజూ నంజుకోవడం, పప్పులో కలుపుకోవడం, పక్కన అప్పడం కరకరలాడించడం, అవి తగ్గించండి. మజ్జిగలో ఉప్పు మానితే నాలుగు రోజులు చప్పగా ఉంటుంది, మూడు నాలుగు వారాలకి నాలుక సర్దుకుంటుంది. నిమ్మకాయ, కరివేపాకు, అల్లం, జీలకర్ర ఎలాగూ మన వంటింట్లో ఉన్నాయి. సైంధవ లవణమైనా, రాళ్ళ ఉప్పైనా సోడియం సోడియమే. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు వస్తోంది, మంచిదే. కానీ కిడ్నీ జబ్బున్నవాళ్ళు, టెల్మిసార్టన్ లాంటివి వాడేవాళ్ళు అడక్కుండా కొనకండి, పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

నడక గురించి మీకు నేను చెప్పేదేముంది, పొద్దున్నే మీరే గట్టు మీద నాకు ఎదురొస్తారు. గట్టిగా గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్ళుంటే ఇంట్లోవాళ్ళు నాకు చెప్పండి, బీపీ లొంగకపోవడానికి అదొక కారణం. మద్యం తాగేవాళ్ళు ఎంత తాగుతారో సగం చేసి చెప్పకండి. నేను రెట్టింపు చేసి రాసుకునే పరిస్థితి మనిద్దరి మధ్యా రాకూడదు.

ఎండాకాలం గురించి ఒక మాట. మే నెలలో చెమటకి నీరు పోయి కొందరికి బీపీ 100కి పడిపోతుంది, లేవగానే కళ్ళు బైర్లు కమ్ముతాయి. అప్పుడు మీ అంతట మీరు ఆపేయకుండా ఫోను చేయండి, తగ్గిస్తాను. చలికాలంలో మళ్ళీ పెంచాల్సి రావచ్చు. కార్తీక మాసం ఉపవాసాలకి బిళ్ల మానే అలవాటుంది. బిళ్ల గుక్కెడు నీళ్ళతో వేసుకుంటే ఉపవాసం చెడిందని ఏ దేవుడూ అనడు. రంజాన్‌లో మా ముస్లిం పేషెంట్లకి రోజుకొక్కటే బిళ్ల సహరీలోనో ఇఫ్తార్‌కో పడేలా మారుస్తాను. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళేవాళ్ళు ఆరు నెలల బిళ్లలు, మందు అసలు పేరుతో రాసిన చీటీ పట్టుకెళ్ళండి. అక్కడ డాక్టరుకి చూపించుకోవడం ఎంత ఖర్చో మీ పిల్లలకి తెలుసు, అందుకే అక్కడ అయిపోయాక చాలామంది నోరెత్తకుండా ఊరుకుంటారు. ఆ అయిదారు నెలల ఖాళీ నాకు వచ్చాక నోటుబుక్కులో కనిపిస్తుంది.

ప్రమాదం వచ్చినప్పుడు ఏం చేయాలి? మూతి ఒక పక్కకి లాగినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట తడబడినా 108కి ఫోను చేయండి. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి నాలుగున్నర గంటల లోపు ఆ గడ్డని కరిగించే మందు ఇచ్చే అవకాశం ఉంది. నీళ్ళు తాగించకండి, నాలుక కింద బిళ్లలు పెట్టకండి. బీపీని ఒక్కసారిగా పడగొడితే మెదడుకి ఉన్న రక్తం కూడా అందదు. ఏ లక్షణమూ లేకుండా మెషినులో 180 కనిపిస్తే కంగారు పడకుండా అయిదు నిమిషాలు కూర్చుని మళ్ళీ చూసుకుని, అప్పటికీ అంతే ఉంటే ఆరోజే నాకు చెప్పండి.

మీరంతా అరవై దాటినవాళ్ళు. కానీ ఇంటికెళ్ళాక మీ ముప్ఫై అయిదేళ్ళ కొడుకు చేతికి, కోడలి చేతికి పట్టీ కట్టండి. తల్లిదండ్రులకి బీపీ ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. ముప్ఫై దాటినవాళ్ళందరికీ చూడమని ప్రభుత్వం ఏఎన్‌ఎంలకి చెప్పింది, కానీ పొద్దున్న ఎనిమిదికి బండెక్కి రాత్రి తొమ్మిదికి వచ్చేవాళ్ళని ఏఎన్‌ఎం ఎప్పుడు పట్టుకుంటుంది? కడుపుతో ఉన్న కూతురు ఇంట్లో ఉంటే ప్రతి చెకప్‌కీ బీపీ రాయించండి. 140/90 వస్తే, తలనొప్పి, కళ్ళు మసకలు ఉంటే తెల్లారేదాకా ఆగవద్దు.

నేను అనుకున్న టైము అయిపోయింది. మాస్టారూ, ఈ అరగంటా కదలకుండా కూర్చున్నారు, థాంక్సండీ. కాళ్ళు రెండూ నేల మీద పెట్టండి. చొక్కా చెయ్యి పైకి తీసేయండి. ఇదిగో, చెయ్యి ఈ బల్ల మీద. ఇప్పుడు మాట్లాడకండి, నేనూ మాట్లాడను. మీరంతా కూడా ఒక నిమిషం.

148, 88. ఇంకొక్కసారి. 144, 86.

మొదటి అంకెకీ దీనికీ ఎంత తేడా ఉందో చూశారు కదా. అయినా ఇది కూడా కొంచెం ఎక్కువే మాస్టారూ, ఇవాళ బిళ్ల మాత్రం రాయను. ఈ కొత్త నోటుబుక్కు మీది. గళ్ళు మా సిస్టరమ్మ కొట్టిపెట్టింది. మొదటి వరసలో ఇవాళ్టి తేదీ, రెండు అంకెలూ నేను రాస్తున్నాను. మిగతా వారం మీరు రాయాలి. వచ్చే గురువారం పొద్దున్న పదింటికి రండి, ఇంట్లో బిళ్లల సంచి కూడా పట్టుకురండి. రాకపోతే శనివారం మా సిస్టరమ్మ ఫోను చేస్తుంది.